కాళ్ళ మేడం, పెద్దమ్మ మొక్కు

ఆ రోజుల్లో చేతిలో ఒక డిగ్రీ, భుజాన ఒక గుడ్డ సంచీ ఉంటే చాలు, ఊళ్ళోని రోగాలన్నీ మన రాక కోసమే కూర్చుని ఉన్నాయని నమ్మే వయసు ఒకటుండేది. ఇప్పటి పిల్లలకు ఆ జబ్బు ఉందో లేదో తెలియదు గానీ, మాకు మాత్రం బాగా ముదిరింది. ప్రజారోగ్యంలో పీజీ చేస్తున్న మా బ్యాచ్‌లో కొందరికి ఆ ఏడు ఒక ఫెలోషిప్ ఇచ్చారు. పద్ధతి సులువే. ఒక్కో విద్యార్థికి ఒక బస్తీ, ఆ బస్తీకి ఒక ఆరోగ్య సమస్య. చదువు సాగుతుండగానే ఏడాది పాటు ఆ బస్తీ చుట్టూ తిరిగి ఆ సమస్య సంగతేదో తేల్చాలి. నా పక్క సీటు అమ్మాయికి బాలింతలు వచ్చారు. వెనక బెంచీ అబ్బాయికి క్షయ వచ్చింది (అంటే సమస్యగా వచ్చింది, మనిషి మాత్రం దుక్కలా ఉండేవాడు). నాకేం వస్తుందో అని ఊపిరి బిగబట్టి కూర్చుంటే మా గైడ్ సారు కళ్ళజోడు పైకి తోసుకుని, "నీకు పాదాలమ్మా" అన్నారు.

"పాదాలా సార్?" అన్నాను. నా మొహంలో నిరాశ దాచుకునేంత తెలివి అప్పటికి రాలేదు. ఆయన ఓపిగ్గా చెప్పారు. "షుగరు ముదిరినవాళ్ళకి పాదాల్లో స్పర్శ పోతుంది. ముల్లు గుచ్చుకున్నా తెలీదు, కాలినా తెలీదు. పుండు పడుతుంది, మానదు, చివరికి కాలు తీసేస్తారు. మెత్తటి చెప్పులు తొడిగించి, రోజూ పాదాలు చూసుకోవడం నేర్పితే ఆ కాలు నిలబడుతుంది. నీ బస్తీలో ఒక్క కాలు కూడా పోకూడదు. అదే నీ ఫెలోషిప్, పో." ఆ చివరి మాట ఎంత బరువైనదో నాకు అప్పుడు తెలియలేదు. బాలింతలు దక్కలేదన్న ఏడుపులో ఉన్నాను మరి.

మేముండేది దిల్‌సుఖ్‌నగర్‌లో. నేను బడిలో ఉండగానే నాన్న ఉద్యోగం మమ్మల్ని కృష్ణ కాలవల కింది ఊరి నుంచి తీసుకొచ్చి, కోచింగ్ సెంటర్ల బోర్డుల మధ్య ఒక మూడో అంతస్తులో పెట్టింది. ఇంటికొచ్చి సంగతి చెబితే అమ్మ కూర కింద మంట ఆర్పి మరీ తిట్టింది. "ఇంత చదివించింది ఊళ్ళోవాళ్ళ కాళ్ళు పట్టుకోవడానికటే?" నాన్న పేపరు వెనక నుంచే, "సంబంధాల వాళ్ళకి మాత్రం గుండె డాక్టరు దగ్గర పని అని చెప్పు" అన్నారు. ఇంటాబయటా నా పాదాలకు దక్కిన గౌరవం అది.

నా బస్తీ ఎల్బీనగర్ చౌరస్తా దాటి చంపాపేట్ వైపు పోయే దారిలో లోపలికి ఉండేది. నల్లగొండ పల్లెల నుంచి వచ్చి ఆటోలు నడుపుకునేవాళ్ళూ, మేస్త్రీ పనులకు పోయేవాళ్ళూ, ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళూ. తెలంగాణ ఉద్యమం భగ్గుమంటున్న కాలం. చౌరస్తాలో దీక్షల టెంటు ఎప్పుడూ ఉండేది, వారం మార్చి వారం బంద్ ఉండేది, గోడగోడకూ ఒక నినాదం ఉండేది. అలాంటి చోట నేను సంచీ తగిలించుకుని వెళ్ళి, మొదటి ఇంటి ముందు నిలబడి, "ఏవండీ, మీ పాదాలొకసారి చూపిస్తారాండీ" అన్నాను. ఆ 'అండీ' వినపడగానే పక్కింటి తలుపు కూడా తెరుచుకుంది. "ఓ, ఆంధ్ర పిల్లరా! కాళ్ళు సూస్తదట!" అని ఎవరో నవ్వారు. సాయంత్రానికల్లా నాకు కాళ్ళ మేడం అని పేరు స్థిరపడింది. నా సంచీలో పుల్లకు అతికించిన సన్నటి నైలాన్ పోగు, ఎవరి అరికాలు వాళ్ళే చూసుకోవడానికి ఒక చేతి అద్దం, ప్రాజెక్టు తరఫున ఇచ్చిన మెత్తటి చెప్పులు కొన్ని జతలు ఉండేవి. వాటితో నేను లోకాన్ని ఉద్ధరించాలి.

పెద్దమ్మ దగ్గరికి నన్ను తీసుకెళ్ళింది ఆమె కొడుకే. బస్తీలో అందరూ ఆటోఅన్న అనే మనిషి, చాలా మెత్తని మాట. "మా అవ్వకు శానేండ్ల సంది షుగరున్నది మేడం. మందులైతే మింగుతది గని ఇంకేం చెప్పినా ఇనది. జర మీరన్న చెప్పుండ్రి" అన్నాడు. గడపలో కూర్చుని బియ్యంలో రాళ్ళేరుతున్న ఆమెను బస్తీ అంతా పెద్దమ్మ అనే పిలిచేది. నిండుగా బొట్టు, ముక్కుకు పుడక, ఎదుటి మనిషిని ముందు కాళ్ళ నుంచి తల దాకా చూసి ఆ తర్వాతే మాట్లాడే అలవాటు. నా పుల్లను చూసి, "ఏందమ్మా, గీ పుల్లతోని గుచ్చుడేనా నీ సదువు?" అంది.

"గుచ్చడం కాదు పెద్దమ్మా, తాకించడం. కళ్ళు మూసుకోండి. పోగు తాకినప్పుడల్లా 'ఆ' అనండి చాలు." ఆమె కళ్ళు మూసుకుంది. బొటనవేలి కింద ఆనించాను. ఉలుకూ పలుకూ లేదు. వేళ్ళ మధ్య, మడమ దగ్గర, రెండో పాదం మీద, అంతటా ఆనించాను. చివరికి ఆమే, "ఇగ మొదలువెట్టవేందే, నాకు వంటున్నది" అంది. అప్పటికే పరీక్ష అయిపోయింది. పుస్తకంలో బొమ్మగా చూసింది వేరు, బతికున్న మనిషి పాదం అలా నా చేతిలో మొద్దులా ఉండటం వేరు. సంగతి చెప్పాను. ఆమె కళ్ళు తెరిచి, మొహమంతా వెలిగిపోతూ, కొడుకు వైపు తిరిగింది. "సూసినవారా! నేను చెప్తే నమ్మకపోతివి. సదువుకున్న పిల్ల పరీక్ష చేసి చెప్తున్నది. ఎండల రోడ్డు మీద నడిస్తే సురుక్కుమనది, కంకర గుచ్చుకుంటే తెల్వది. అంత ఎల్లమ్మ తల్లే. మొక్కుకున్నోళ్ళ కాళ్ళు తల్లే కాపాడుతది!"

మొక్కేమిటంటే ఇది. తెలంగాణ ఇస్తామని ఢిల్లీ వాళ్ళు చెప్పి, బస్తీ అంతా డప్పులు కొట్టి, రెండు వారాలు తిరక్కుండానే ఆ మాట వెనక్కి పోయిన చలికాలంలో, పెద్దమ్మ ఎల్లమ్మ గుడి ముందు చెప్పులు విప్పేసి ఉత్త కాళ్ళతో ఇంటికొచ్చింది. "తెలంగాణ వచ్చినంకనే తొడుగుత, అప్పటిదాంక తొడుగ" అంది. అప్పుడు అలా మొక్కుకున్నవాళ్ళు చాలామంది ఉండేవారు. ఒకాయన గడ్డం పెంచాడు, ఇంకొకాయన మాంసం మానేశాడు. కానీ ఎర్రటి ఎండలో తారు రోడ్డు మీద చెప్పుల్లేకుండా ఊరేగింపు ముందు నడిచి, కందిన గుర్తు కూడా లేనట్టు నవ్వేది పెద్దమ్మ ఒక్కతే. అందువల్ల బస్తీకి అదొక మహిమైపోయింది. ఉద్యమం పనులన్నీ చూసే యువకుడు ఒకడుండేవాడు (చేతిలో మైకు లేకుండా అతన్ని ఎవరూ చూడలేదు కాబట్టి మైకన్న అనేవాళ్ళు). అతను ప్రతి ఊరేగింపులో ఆమెకు దండ వేసి ముందు నిలబెట్టేవాడు. జబ్బుకు దండ వేసి ఊరేగిస్తుంటే పక్కన సంచీ పట్టుకుని నడిచిన ఫెలో నేను తప్ప ఎవరూ ఉండరు.

నేను నాకు తెలిసిన విజ్ఞానమంతా ఒలకబోశాను. నరాలు కరెంటు తీగల్లాంటివని, షుగరు వాటిని తినేస్తుందని, తీగ తెగితే కబురు అందదని చెప్పాను. పెద్దమ్మ శ్రద్ధగా విని, "గట్లయితే కరెంటు వోయినా నేను నడుస్తున్న గద బిడ్డా" అంది. విసుగొచ్చి ఒకరోజు అడిగేశాను, ఇంత పట్టుదల ఎందుకు పెద్దమ్మా, ఊళ్ళో అందరికీ లేనిది మీకే ఎందుకని. ఆమె చాట పక్కన పెట్టింది. "మా ఊరికి దగ్గర్నే కృష్ణమ్మ పోతది. మాకైతే బోరు నీళ్ళే. గా ఫ్లోరైడు నీళ్ళు తాగి తాగి మా ఆయన బొక్కలు వంగిపోయినయ్. నడుం వంగి, మెడ వంగి, ఆఖరుకు నేల సూసుకుంటనే పోయిండు. మొహమెత్తి నన్ను సూడలే." చాట మళ్ళీ ఒళ్ళోకి లాక్కుని, "మీ ఊరికి కృష్ణ నీళ్ళొస్తయా బిడ్డా?" అని అడిగింది. వస్తాయన్నాను. "తియ్యగుంటయా?" తియ్యగా ఉంటాయన్నాను. "మంచిది. తాగుండ్రి" అంది. ఆ మాటలో ఎకసెక్కం లేదు, కోపం లేదు. ఉంటే బాగుండేది, నాకు జవాబు చెప్పడానికి ఏదైనా దొరికేది. ఆ పూట బస్సులో కూర్చుని సంచీ ఒళ్ళో పెట్టుకుని దిల్‌సుఖ్‌నగర్ దాకా తల దించుకునే వచ్చాను.

గైడ్ సారు మాత్రం, "మొక్కుతో వాదించకు. మొక్కులోనే ఏదైనా దారుందేమో చూడు" అన్నారు. అప్పటి నుంచి నా పరిశోధన వైద్యం వదిలేసి ధర్మసందేహాల్లో పడింది. మందపాటి మేజోళ్ళు పట్టుకెళ్ళి, ఇవి చెప్పులు కావు కదా అన్నాను. "అమ్మవారిని మోసం జేద్దామంటవా?" అంది. చెప్పులంటే తోలువి, ఇవి రబ్బరువి అన్నాను. నా వైపు జాలిగా చూసింది. చివరికి మైకన్నను బతిమాలి ఒప్పించాను. ఆరోగ్య కారణాల వల్ల పెద్దమ్మకు ఉద్యమం తరఫున చెప్పుల మొక్కు నుంచి మినహాయింపు ఇస్తున్నామని అతను చౌరస్తాలో పెద్ద గొంతుతో ప్రకటించాడు. పెద్దమ్మ టెంటు దగ్గరికి విసవిసా నడిచొచ్చి (ఉత్త కాళ్ళతోనే), "నేను ఎల్లమ్మకు మొక్కిన్నా, నీ మైకుకు మొక్కిన్నారా?" అని కడిగేసింది. మైకన్న మైకు ఆఫ్ చేయడం నేను చూసింది ఆ ఒక్కసారే.

దారి మా ఇంట్లోనే దొరికింది. మా తాతయ్య నడిచి కొండెక్కుతానని మొక్కుకుని, ఎక్కకుండానే పోతే, ఆ మొక్కు మా నాన్న తీర్చారని అమ్మ ఏదో సందర్భంలో అంది. పెద్దవాళ్ళ మొక్కు కన్నబిడ్డలు తీర్చొచ్చట! నేను తెల్లారగానే పరుగెత్తాను. "పెద్దమ్మా, మీ బదులు నేను చెప్పులు విప్పేస్తాను. తెలంగాణ వచ్చేదాకా నేనుంటాను ఉత్త కాళ్ళతో. మీరు ఇవి తొడుక్కోండి." ఆటోఅన్న నవ్వు ఆపుకోలేకపోయాడు. "ఆంధ్ర పిల్ల తెలంగాణ కోసం చెప్పులిడిస్తే ఎల్లమ్మ తల్లి గూడ పరేషాన్ అయితది మేడం" అన్నాడు. పెద్దమ్మ నవ్వలేదు. "కన్నబిడ్డకే చెల్లుతది. నా బిడ్డవైతవా?" అంది. అవుతానన్నాను. నా దృష్టంతా ఆమె కాళ్ళ మీదే ఉంది కాబట్టి ఆ మాట ఎంత పెద్దదో ఆలోచించలేదు. ఆమె నన్ను ఎల్లమ్మ గుడికి తీసుకెళ్ళి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టించి, నా చెప్పులు నా చేతనే విప్పించింది. తర్వాత ప్రాజెక్టు చెప్పులు తొడుక్కుని నాలుగడుగులు వేసింది. నాకు ఆనందంతో గంతులేయాలనిపించింది, కింద బండలు కాలుతున్నాయి కాబట్టి నిజంగానే వేశాను.

ఇంటికి రాగానే అమ్మ గుమ్మంలోనే పట్టుకుంది. "చెప్పులేవే?" మొక్కు అన్నాను. అమ్మ మొహం విప్పారింది. "పెళ్ళి కుదరాలనా?" కాదు, తెలంగాణ రావాలని అన్నాను. నాన్న పేపరు కింద పెట్టారు. "మన బాబాయిలకి గానీ తెలిస్తే ఇంకేవన్నా ఉందా! పరువు గంగలో కలిపావు కదే!" అని అమ్మ నెత్తి కొట్టుకుంది. నాన్న నా పాదాలు చూసి, "వచ్చేదాకానా? అది ఎప్పుడొస్తుందో ఏవన్నా అంచనా ఉందా నీకు?" అన్నారు, రైలు సంగతి అడిగినట్టు. కాలేజీలో ఆ సంగతి తెలిసి రెండు వర్గాల వాళ్ళూ వేరువేరుగా వచ్చి నన్ను అనుమానంగా పరామర్శించి వెళ్ళారు. బస్సు ఎక్కితే ఇనప మెట్టు కాలేది, దిగితే రోడ్డు కాలేది. పెద్దమ్మకు తెలియనిదంతా నాకు తెలిసొచ్చింది. తారు ఎక్కడ మెత్తబడుతుందో, కంకర ఎక్కడ గుచ్చుకుంటుందో నా అరికాళ్ళకు కంఠతా వచ్చేసింది. అయినా బస్తీకి వెళ్ళేసరికి ఆమె చెప్పులతో నడుస్తూ కనిపించేది, అదే చాలనుకునేదాన్ని.

కొన్నాళ్ళకే నా నడక చూసి పెద్దమ్మకు అనుమానమొచ్చింది. ఏం లేదన్నాను. ఆమె నన్ను గడపలో కూర్చోబెట్టి, నా సంచీలోంచి నేను అందరికీ చూపించే అద్దమే తీసి నా అరికాళ్ళ కింద పట్టింది. బొబ్బలు చితికి, పుళ్ళు పడి ఉన్నాయి. "అయ్యో నా తల్లీ!" అని ఆమె అరిచిన అరుపుకు కోడలు వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. పెద్దమ్మ తన చెప్పులు విప్పేసి, నా కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని, కొబ్బరినూనె రాసి, ఆ చెప్పులే నాకు తొడిగింది. నేను కాళ్ళు లాక్కున్నాను, బతిమాలాను, ఏడ్చాను కూడా. "మొక్కు నాది కదా ఇప్పుడు, నేను మానను" అన్నాను. "బిడ్డ కాళ్ళు గిట్ల కాలుతుంటే నేను మెత్తటి చెప్పులేస్కొని తిరగాల్నా? నాకు నొప్పి లేదు బిడ్డా. నీకున్నది" అంది. అంతే. వెళ్ళి మొక్కు మళ్ళీ తన నెత్తిన వేసుకుంది. ఆమె చెప్పులు తొడుక్కోవాలంటే నేను కూతుర్ని కావాలి. నేను కూతుర్నయ్యాక ఆమె వాటిని తొడుక్కోదు. ఇంత చదువూ చదివి నేను కనిపెట్టిన ఉపాయం ఇలా తయారైంది.

ఆ తర్వాత కొన్నాళ్ళకే వంటావార్పు పెట్టారు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే అందరూ కూర్చుని తిని, బండ్లు కదలకుండా చేసే నిరసన అది. ఎల్బీనగర్ చౌరస్తా అంతా పొగ, పప్పు వాసన, పాటలు, డప్పులు. పెళ్ళి పందిరికీ ఉద్యమానికీ తేడా తెలియలేదు. పెద్దమ్మ పప్పుచారు పొయ్యి దగ్గర గరిటె పట్టుకుంది. నేను పొద్దున్నే వెళ్ళి, తడిపిన గోనెపట్టాలు ఆమె నిలబడే చోట పరిచి, కావలి కూర్చున్నాను. మధ్యాహ్నానికి మైకన్న నన్ను పట్టుకున్నాడు. "ఆంధ్ర నుంచొచ్చిన మన చెల్లె గూడ రెండు ముక్కలు మాట్లాడుతది" అని చేతిలో మైకు పెట్టేశాడు. నోటికొచ్చింది ఒక్కటే. "దయచేసి అందరూ చెప్పులు వేసుకోండి! షుగరున్నవాళ్ళు ఉత్త కాళ్ళతో నడవకండి!" అన్నాను. జనం ఈలలు వేసి, చప్పట్లు కొట్టి, జై తెలంగాణ అన్నారు. నేను జన్మలో ఇచ్చిన మొదటి ఉపన్యాసం అలా విజయవంతమైంది.

అప్పుడే వెనక నుంచి ఇంకో కేక వినపడింది. ఆనందపు కేక. తిరిగి చూశాను. పొయ్యిలోంచి జారిపడ్డ నిప్పుకట్టె మీద పెద్దమ్మ ఎడమ కాలు ఉంది. ఆమె గోనె దాటి పక్క గిన్నె వైపు జరిగి, నిప్పు మీద నిలబడి, తనపాటికి తను చారు కలుపుతోంది. చుట్టూ ఉన్నవాళ్ళు రెండు చేతులూ జోడించారు. "నిప్పు మీద నిలవడ్డదిరా! తల్లి మహిమ!" అంటున్నారు. పెద్దమ్మకు ఏం జరిగిందో తెలియక, అందరూ తన వైపే చూస్తున్నారని సిగ్గుపడి నవ్వుతోంది. నేను జనాన్ని తోసుకుంటూ పరుగెత్తి, ఆమెను పక్కకు లాగి, బిందెడు నీళ్ళు కాలి మీద కుమ్మరించాను. "ఏమైందే, ఎందుకేడుస్తున్నవ్?" అని అడిగింది. అద్దం పట్టి చూపించాను. చాలాసేపు చూసింది. అంతవరకూ ఆమె నన్ను నమ్మలేదని నాకు అప్పుడర్థమైంది, ఎందుకంటే అప్పుడు నమ్మింది. నా భుజం పట్టుకుని చాలా చిన్న గొంతుతో, "నాకేం తెలుస్తలేదేందే బిడ్డా" అంది.

ఆ పుండు మానలేదు. రోజూ వెళ్ళి కట్టు మార్చాను. వాన పడ్డా వెళ్ళాను, బంద్ రోజు నడిచి వెళ్ళాను. ఒక వారం బాగైనట్టు కనిపించేది, ఆశపడేదాన్ని, మరుసటి వారం వాసన వచ్చేది. వానాకాలం చివర్లో ఊరంతా సమ్మెలో ఉండగా జ్వరం పట్టుకుంది. బస్సుల్లేవు. ఆటోఅన్న తల్లిని తన ఆటోలోనే దవాఖానకు తీసుకెళ్ళాడు. పెద్దమ్మ తల నా ఒళ్ళో ఉంది. మోకాలి కింది దాకా తీసేయాలి, లేకపోతే మనిషే దక్కదన్నారు డాక్టర్లు. ఆటోఅన్న గోడకు జారగిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. పెద్దమ్మే అందరికంటే ముందు తేరుకుంది. "తియ్యుండ్రి. ఇంకోటున్నది గద, మొక్కుకు అది చాలు" అంది. నేను వరండాలోకి పరుగెత్తి, గోడ వైపు తిరిగి, నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని ఏడ్చాను. ఒక్క కాలు కూడా పోకూడదన్నారు సారు. పోయింది. బస్తీలో ఇంకెవరిది పోయినా నాకు ఇంత దుఃఖం వచ్చేది కాదేమో. అది నేను కొబ్బరికాయ కొట్టి మరీ కూతుర్నయిన మనిషి కాలు.

సారు దగ్గరికెళ్ళి, రిపోర్టులో ఏం రాయను సార్ అని అడిగాను. ఆయన, "మిగిలిన కాళ్ళ గురించి రాయమ్మా" అన్నారు. మిగిలినవి నిజంగానే నిలిచాయి. పెద్దమ్మ గడపలో మంచం వేసుకుని, నా అద్దం తీసేసుకుని, దారిన పోయే ప్రతి షుగరు మనిషినీ ఆపేది. "ఏయ్, ఇటు రా! కాలెత్తు! చెప్పులేవి? నా లెక్క కావాల్నా?" అని గదమాయించేది. ఎవరికీ కాదనే ధైర్యం లేదు. అలా బస్తీ అంతా చెప్పులు తొడుక్కుంది, తను తప్ప. ఆ మిగిలిన కుడికాలిని మంచం మీంచి కిందికి వేలాడేసి, ఉత్తగానే ఉంచుకుంది. ఎన్నిసార్లు అడిగినా, "ఇంకా రాలే గద" అనేది. నా ఫెలోషిప్ అయిపోయింది, ఉద్యోగం వచ్చింది, వేరే జిల్లాకు వెళ్ళాను. అమ్మ కోరుకున్న పెళ్ళి కూడా అయింది. సెలవు దొరికినప్పుడల్లా వెళ్ళి ఆ పాదానికి నేనే నూనె రాసి, కడిగి, వేళ్ళ మధ్య చూసి వచ్చేదాన్ని. ఆ ఒక్కటైనా దక్కాలని మొక్కుకున్నాను. ఏ అమ్మవారికి మొక్కానో అమ్మకు చెప్పలేదు.

రాష్ట్రం వచ్చింది. రాత్రికి రాత్రే బస్సెక్కి వచ్చి, మర్నాడు పొద్దున్నే దిల్‌సుఖ్‌నగర్‌లో తెరిచిన మొదటి దుకాణంలో, ఉన్నవాటిలోకెల్లా మెత్తటి జత కొనుక్కుని వెళ్ళాను. బస్తీ అంతా గులాల్ పడి గులాబీ రంగులో ఉంది. రాత్రంతా అరిచి గొంతు పోయిన మైకన్న నన్ను చూసి సైగలతోనే లోపలికి పొమ్మన్నాడు. పెద్దమ్మ కొత్త చీర కట్టుకుని మంచం మీద కూర్చుని ఉంది, బాగా చిక్కింది. "నువ్వొస్తవని ఎర్కనే" అంది. నేను కింద కూర్చుని కుడికాలికి చెప్పు తొడిగాను. ఆటోఅన్న, కోడలు రెండు పక్కలా పట్టుకుంటే లేచి నిలబడింది. ఎవరో డప్పు కొట్టారు. ఆమె కాసేపు కిందికి, ఆ చెప్పు వైపే చూసి, మళ్ళీ కూర్చుంది. నన్ను దగ్గరికి పిలిచింది.

"నాకు తెలుస్తలేదు బిడ్డా. తొడిగినట్టే లేదు. ఆ రెండోది నువ్వు తొడుగు. ఎట్లున్నదో నాకు జెప్పు."

నేను ఎడమది తొడుక్కున్నాను. మెత్తగా ఉందన్నాను. "గంతేనా? మంచిగ జెప్పు" అంది. మడమ కింద దూది పెట్టినట్టుందన్నాను. వేళ్ళ దగ్గర కొంచెం వదులుగా ఉందన్నాను. కొత్తది కదా, పట్టీ కాస్త ఒరుస్తోంది, రెండు రోజుల్లో సర్దుకుంటుందన్నాను. నాలుగడుగులు నడిచి, నేల గట్టిదనమే తెలియడం లేదన్నాను. ఆమె కళ్ళు మూసుకుని, తన కాలికే తెలుస్తున్నంత తృప్తిగా ఒక్కో మాటకూ తల ఊపుతూ, "ఇంక?" అంది.

పెద్దమ్మ ఆ ఏడు చలికాలంలో పోయింది, ఆ కుడికాలు చెక్కుచెదరకుండానే. ఇప్పుడు నా దగ్గరికి పుల్లకు పోగు అతికించుకున్న పీజీ పిల్లలు వస్తారు, నేను కళ్ళజోడు పైకి తోసుకుని వాళ్ళకు సలహాలిస్తాను. అప్పుడప్పుడు ఆ పిల్లను తలుచుకుంటాను. ఒక కాలికి కొత్త చెప్పు, ఒక కాలికి తన పాత చెప్పు వేసుకుని, మొహమంతా గులాల్, కన్నీళ్ళు కలిసి కారుతుంటే, ఆ గదిలో అటూ ఇటూ కుంటుతూ నడుస్తూ, మెత్తదనానికి ఇంకా ఏం మాటలున్నాయో వెతుక్కుంటున్న ఆ కాళ్ళ మేడంను. అంత చదివిన పిల్లకు ఆ పూట మాటలు చాలలేదు. నాకు నవ్వొస్తుంది. ఇప్పుడైతే ఇంకొంచెం బాగా చెప్పేదాన్ని.